పాత ఆండ్రాయిడ్ టాబ్‌ని, ఫోన్‌ని మూలన పడేయకుండా వాడుకోవడం ఎలా?

టాబ్ ఆన్ అవుతుంది. తెర మీద గీత కూడా లేదు. ఛార్జింగ్ ఒక పూట నిలుస్తుంది. అయినా యాప్ తెరిస్తే అప్‌డేట్ చేసుకోమంటుంది, అప్‌డేట్ చేయబోతే ఈ పరికరంలో కుదరదంటుంది, బ్రౌజర్ తెరిస్తే మీ కనెక్షన్ సురక్షితం కాదంటుంది. ఆండ్రాయిడ్ 5, 6, 7 వెర్షన్ల దగ్గర ఆగిపోయిన టాబ్‌లు, ఫోన్లు ఉన్నవాళ్లు పదేపదే అడిగేది ఇదే: దీన్ని పారేయాలా, ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. కాకపోతే దాన్ని కొత్త టాబ్‌లా వాడాలని చూడకండి. అన్నీ చేయించబోతే ఏదీ చేయదు. ఒకటో రెండో పనులు అప్పగించండి: పుస్తకాలు చదవడం, ఇంట్లో పెద్దవాళ్లకు పాటలు, పిల్లలకు నెట్ లేకుండా వికీపీడియా, ఊళ్లు తిరిగేటప్పుడు మ్యాప్. నెట్ అవసరం ఎంత తక్కువైతే పాత సాఫ్ట్‌వేర్ అంత తక్కువ ఇబ్బంది పెడుతుంది.

దీంట్లో చేయకూడని పనులు కూడా ఇప్పుడే చెప్పేస్తాం. యూపీఐ, బ్యాంకు యాప్‌లు, ఓటీపీలు వచ్చే సిమ్, మీ అసలు ఈమెయిల్ ఈ పరికరంలో వద్దు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. 2015లో బయటపడ్డ స్టేజ్‌ఫ్రైట్ (మోసపు వీడియోతో ఫోన్‌ని లొంగదీసేది), 2017లో బయటపడ్డ బ్లూబోర్న్ (బ్లూటూత్ ద్వారా వచ్చేది) లాంటి లోపాలు మీ పరికరంలో ఇంకా తెరిచిన తలుపుల్లా ఉండే అవకాశం ఎక్కువ.

కావలసినవి

- డేటా కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి. కంప్యూటర్‌కి తగిలిస్తే ఛార్జ్ ఎక్కి ఫోల్డర్లు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, ఆ తర్వాతే టాబ్‌ని అనుమానించండి.
- 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, మంచి కంపెనీది. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ (కార్డులో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) పద్ధతిలో వస్తాయి, చాలా పాత పరికరాలు వాటిని గుర్తించవు.
- విండోస్ లేదా లినక్స్ కంప్యూటర్, ఒక సాయంత్రం పాటు.
- 5 వోల్టుల, 1 ఆంపియర్ ఛార్జర్. ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు.
- ఈ పరికరం కోసమే తెరిచిన వేరే గూగుల్ ఖాతా. మీ అసలు ఖాతా ఇందులో పెట్టొద్దు.
- చెక్క టూత్‌పిక్. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. ముందు బ్యాటరీ చూడండి

టాబ్‌ని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే వెనక భాగం ఉబ్బిందన్నమాట. తెర ఒక అంచున పైకి లేచినా, వెనక మూత సరిగా కూర్చోకపోయినా అదే అర్థం. ఉబ్బిన బ్యాటరీతో ఇక ఏ మెట్టూ వద్దు. ఛార్జ్ పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి, గుచ్చకండి. బ్యాటరీ మార్పించండి, లేదా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

ఉబ్బు లేకపోతే ఛార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. జేబులో తిరిగిన ఫోన్లలో దూది, దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. పరికరం ఆపేసి టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. పిన్నీసు, సూది వాడితే లోపలి కాంటాక్టులు వంగుతాయి. కేబుల్ వదులుగా ఉంది, ఒక పక్కకి వంచితేనే ఛార్జ్ ఎక్కుతోంది అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

2. గడియారం సరిచేయండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి. నెలల తరబడి బ్యాటరీ పూర్తిగా అయిపోయి పడున్న టాబ్ ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. సైట్ చూపించే భద్రతా సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. మీ గడియారం ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకోదు.

సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, ఆటోమేటిక్ తీసేసి, తేదీ, సమయం, టైమ్ జోన్ చేత్తో పెట్టండి. టైమ్ జోన్ మర్చిపోకండి. ఆ తర్వాత ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేసి, పది నిమిషాలాగి తేదీ నిలిచిందో లేదో చూడండి.

ఒక గుర్తు పెట్టుకోండి: సైట్లన్నీ ఆగిపోతే తప్పు గడియారానిది. కొన్ని తెరుచుకుని కొన్ని ఆగితే తప్పు సర్టిఫికెట్లది, దాని సంగతి ఆరో మెట్టులో.

3. ఉన్నదంతా బయటికి తీయండి

అందరూ చేసే పొరపాటు, టాబ్ నెమ్మదించింది కదా అని ముందే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. రీసెట్ చేస్తే యాప్‌లన్నీ పోతాయి. వాటిలో కొన్నింటి పాత వెర్షన్లు ప్లే స్టోర్‌లో ఇక దొరకవు. ఇప్పటిదాకా పనిచేసిన యాప్ మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

వరుస ఇది:

ఫోటోలు, వీడియోలు, రికార్డింగులు కంప్యూటర్‌కి కాపీ చేయండి. కేబుల్ తగిలించాక పైనుంచి నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోకపోతే కంప్యూటర్‌కి ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. వాట్సాప్ వాడి ఉంటే వాట్సాప్ ఫోల్డర్ మొత్తం తీసుకోండి.

కాంటాక్ట్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి వీసీఎఫ్ ఫైల్‌గా దాచండి. కాపీ అయ్యాక ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూడండి, పేర్లు కనబడాలి. తెలుగులో రాసుకున్న పేర్లు అందులో అంకెలు, సమానం గుర్తులుగా కనిపించవచ్చు. కంగారు పడొద్దు, ఆ ఫైల్ రాసే పద్ధతే అంత, వేరే ఫోన్‌లోకి ఎక్కించగానే తెలుగులోకి వచ్చేస్తాయి.

ఓటీపీ కోడ్‌లు పుట్టించే అథెంటికేటర్ యాప్ ఇందులో ఉంటే దాన్ని కొత్త ఫోన్‌కి మార్చేదాకా ఇంకేమీ ముట్టుకోకండి. అది పోతే ఖాతాల్లోకి వెళ్లే దారే పోతుంది.

నచ్చిన యాప్‌లను ఏపీకే ఫైళ్లుగా (యాప్‌ని ఎక్కించే ఫైళ్లు) దాచుకోండి. ఇందుకు ఏపీకే ఎక్స్‌ట్రాక్టర్ రకం యాప్ ఏదైనా చాలు. ఇక్కడొక చిక్కుంది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్తగా చేరే యాప్‌లు ముక్కలుగా వస్తున్నాయి, పాతవాటిలో కూడా చాలా ఆ దారిలోకి మారాయి. ఆ ముక్కల్లో ప్రధానమైన ఒక్కటే దాచుకుంటే రేపు అది ఎక్కదు, లేదా ఎక్కి తెరవగానే మూసుకుపోతుంది. ముక్కలన్నీ కలిపి దాచే యాప్‌నే వాడండి.

4. రీసెట్ చేయాలంటే ఇలా

అన్నీ బయటికి వచ్చాక, పరికరం నిజంగా మొరాయిస్తుంటేనే రీసెట్. రీసెట్‌కి ముందే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి గూగుల్ ఖాతా తీసేయండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగతనం జరిగితే కాపాడటానికి ఒక తాళం పెట్టారు. ఖాతా తీయకుండా రికవరీ మెనూ (ఆపిన పరికరాన్ని పవర్, వాల్యూమ్ మీటలు కలిపి నొక్కి ఆన్ చేస్తే వచ్చేది) నుంచి రీసెట్ చేస్తే, తర్వాత ఆ పాత ఖాతా పాస్‌వర్డ్ ఇస్తేనే తెరుచుకుంటుంది. ఆరేళ్ల కిందటి పాస్‌వర్డ్ గుర్తులేక పరికరాన్ని పూర్తిగా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

రీసెట్ తర్వాత గూగుల్ సైన్ ఇన్ తెర వస్తే ముందు స్కిప్ నొక్కండి. ప్లే స్టోర్ లేకుండానే పని గడిచిపోతుందేమో చూడండి. చదవడానికి, పాటలకి, మ్యాప్‌లకి గడిచిపోతుంది. కావాలంటే తర్వాత వేరే ఖాతా పెట్టుకోవచ్చు, కానీ పెట్టగానే ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి. 8 జీబీ టాబ్‌లో సిస్టమ్‌కి పోగా మిగిలేది 4, 5 జీబీలు. ఎప్పుడూ తెరవని యాప్‌ల అప్‌డేట్లే దాన్ని తినేస్తాయి.

రీసెట్ వద్దనుకుంటే రికవరీ మెనూలో వైప్ కాష్ పార్టిషన్ అనేది ఉంటుంది, మీ సమాచారం పోకుండా తాత్కాలిక ఫైళ్లను తుడుస్తుంది. దాని పక్కనే వైప్ డేటా అనే మాట కూడా ఉంటుంది. అది రీసెట్. వాల్యూమ్ మీటతో కదిలేటప్పుడు ఒక్క వరుస తప్పితే మొదటికే మోసం.

5. భారం తగ్గించండి

పాత పరికరాలు నెమ్మదించడానికి చిప్ ముసలిదవడం కన్నా స్టోరేజీ నిండిపోవడం పెద్ద కారణం. లోపలి మెమరీలో చెరిపేసిన చోట్లను శుభ్రం చేసే పని ఆండ్రాయిడ్ 4.3 నుంచి తనంతట తానే చేసుకుంటుంది, కానీ పరికరం ఖాళీగా, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే. కాబట్టి రెండు చేయండి: లోపలి స్టోరేజీలో కనీసం ఐదో వంతు ఖాళీ ఉంచండి, భారం తగ్గించిన మొదటి రెండు రాత్రులు ఆన్‌లోనే ఉంచి ఛార్జింగ్‌లో పెట్టండి. మూడో రోజు తేడా తెలుస్తుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్. తీసేయడానికి వీల్లేని యాప్‌లకు ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆ తర్వాత డిసేబుల్. ఈ వరుసలో చేస్తేనే స్థలం తిరిగి వస్తుంది. సేవలే మూతపడ్డ గూగుల్ ప్లస్, హ్యాంగవుట్స్, ప్లే మ్యూజిక్ లాంటివి నిస్సందేహంగా ఆపేయొచ్చు.

వీటిని మాత్రం ముట్టుకోవద్దు: మీడియా స్టోరేజ్, డౌన్‌లోడ్ మేనేజర్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, వాడుతున్న కీబోర్డు. మీడియా స్టోరేజ్ ఆపితే గ్యాలరీ, పాటల జాబితా ఖాళీ అయిపోతాయి. ఫైళ్లు పోయాయని బెంగపడతారు, నిజానికి అవి అక్కడే ఉంటాయి.

అబౌట్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అందులో యానిమేషన్ స్కేల్ మూడింటినీ 0.5కి దించండి. వేగం పెరగదు, కానీ మెనూల మధ్య ఎదురుచూపు సగమవుతుంది. స్పీడ్ బూస్టర్, ర్యామ్ క్లీనర్ అనే యాప్‌లు ఒక్కటి కూడా పెట్టొద్దు. అవి మూసిన యాప్‌ని సిస్టమ్ మళ్లీ తెరుస్తుంది. ఆ తిప్పలకు ఖర్చయ్యేది మీ బ్యాటరీ.

6. ఆగిపోయిన సైట్లను తెరిపించండి

ఇంటర్నెట్‌లో చాలా సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. ఆ సర్టిఫికెట్లు అసలైనవేనని పరికరం నమ్మాలంటే ఆ సంస్థ మూల సర్టిఫికెట్ లోపల ఉండాలి. దాని పేరు ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1. అది ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే పరికరంలో ఉంటుంది. అంతకుముందు వాటికోసం వేరే దారిలో నడిపించారు, ఆ దారి 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న సైట్ హఠాత్తుగా ఆగిపోయింది. టాబ్ పాడవలేదు.

క్రోమ్ విషయానికొస్తే, ఆండ్రాయిడ్ 5కి చివరి వెర్షన్ 95, ఆండ్రాయిడ్ 6కి 106, ఆండ్రాయిడ్ 7కి 119. అక్కడితో సరి.

మొదటి దారి, ఫైర్‌ఫాక్స్. అది పరికరం సర్టిఫికెట్ల మీద ఆధారపడదు, తనవి తాను తెచ్చుకుంటుంది. ఆండ్రాయిడ్ 5, 6, 7లకు చివరి వెర్షన్ 143. మొజిల్లా సంస్థ పాత వెర్షన్ల భాండారంలో దొరుకుతుంది. 128 కన్నా పాతది పెట్టుకోకండి, వాటిలోని ఒక మూల సర్టిఫికెట్ 2025 మార్చి 14న గడువు తీరి, యాడ్-ఆన్‌లు పనిచేయకుండా పోయాయి. ఎక్కించాక యుబ్లాక్ ఆరిజిన్ యాడ్-ఆన్ పెట్టండి. ప్రకటనలు ఆగితే పాత చిప్‌కి సగం బరువు దిగుతుంది. ర్యామ్ 2 జీబీ ఉంటే ఇదే మంచి దారి.

రెండో దారి, ర్యామ్ 1 జీబీయే ఉండి ఫైర్‌ఫాక్స్ ఈడ్చుకుంటుంటే. ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఫైల్‌ని కంప్యూటర్‌లో దించుకోండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత సైట్ నుంచే, మరెక్కడి నుంచీ వద్దు. ఎవరో ఇచ్చిన మూల సర్టిఫికెట్ ఎక్కించడమంటే ఇంటి తాళంచెవి దారిన పోయేవాడికి ఇవ్వడమే. డీఈఆర్ రకం తీసుకుని, ఫైల్ పేరు చివర సీఆర్‌టీ అని మార్చి టాబ్‌లోకి కాపీ చేయండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ, అందులో ఇన్‌స్టాల్ ఫ్రమ్ స్టోరేజ్. తెరకి పిన్ లాక్ పెట్టమంటుంది, పెట్టండి. ఆ తర్వాత మీ నెట్‌వర్క్‌ని ఎవరో గమనిస్తుండవచ్చు అని హెచ్చరిక వస్తుంది. చేత్తో ఎక్కించిన ఏ సర్టిఫికెట్‌కైనా వచ్చే మాటే అది.

ఆండ్రాయిడ్ 5, 6లలో ఇది యాప్‌లకు కూడా పనిచేస్తుంది. 7.0లో బ్రౌజర్ వరకు సరే గానీ, చాలా యాప్‌లు చేత్తో ఎక్కించిన సర్టిఫికెట్‌ని నమ్మవు. అక్కడ ఫైర్‌ఫాక్సే గతి.

ఆండ్రాయిడ్ 4 దగ్గరే ఆగిన పరికరాల సంగతి వేరు. ఇప్పటి సైట్లు అడిగే టీఎల్‌ఎస్ 1.2 (సైట్‌కి, పరికరానికి మధ్య సమాచారాన్ని రహస్యంగా నడిపే పద్ధతి) వాటిలో చాలావరకు మొదటినుంచీ ఆన్ చేసి ఉండదు. సర్టిఫికెట్ పెట్టినా ఒరిగేది తక్కువ. వాటితో నెట్ మానేసి, కింద చెప్పిన చదువు, పాటల పనికి పెట్టుకోండి.

7. సరిపోయే యాప్‌లు వెతకండి

ముందు మీ పరికరం ఏపీఐ అంకె (ఆండ్రాయిడ్ వెర్షన్‌కి యాప్‌లు వాడే గుర్తు అంకె) తెలుసుకోండి: ఆండ్రాయిడ్ 5.0 అంటే 21, 5.1 అంటే 22, 6.0 అంటే 23, 7.0 అంటే 24, 7.1 అంటే 25. యాప్ పేజీలో కనీస ఏపీఐ మీ అంకెకి సమానంగా గానీ తక్కువగా గానీ ఉండాలి. రెండోది చిప్ రకం. పాతవాటిలో ఎక్కువ భాగం 32 బిట్ ఆర్మ్, ఏఆర్‌ఎమ్-వీ7ఏ అని రాసి ఉన్న ఫైల్ తీసుకోండి.

ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోర్ ఇందుకు బాగా పనికొస్తుంది. అందులో ప్రతి యాప్ పేజీ కిందా పాత వెర్షన్లు కనిపిస్తాయి. ఇంకా పాతవి కావాలంటే దాని సెట్టింగ్స్‌లో రిపాజిటరీస్‌కి వెళ్లి ఆర్కైవ్ ఆన్ చేయండి. కనిపించకుండా పోయిన యాప్ అక్కడ దొరకడం మామూలే.

బయటినుంచి ఏపీకే ఎక్కించడానికి సెక్యూరిటీలో అన్‌నోన్ సోర్సెస్ ఆన్ చేయాలి. పని అయ్యాక ఆపేయాలి. ఈ రెండో సగం అందరూ మర్చిపోతారు.

పార్స్ ఎర్రర్ వస్తే మీ ఆండ్రాయిడ్‌కి ఆ వెర్షన్ మరీ కొత్తది, లేదా ఫైల్ సగమే దిగింది. యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్ అంటే, అదే యాప్ వేరే చోటినుంచి దించినది ఇప్పటికే ఉంది (రెండింటి సంతకాలు కలవవు, పాతది తీసేసి ఎక్కించండి), లేదా చిప్ రకం తప్పు, లేదా స్థలం లేదు. ఈ వరుసలోనే చూసుకుంటూ రండి.

వీడియోలు, పాటలకు వీఎల్‌సీ. నెట్ లేకుండా దారి చూడటానికి ఆర్గానిక్ మ్యాప్స్, వైఫై ఉన్నప్పుడే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మ్యాప్‌లు దించి పెట్టుకోండి. వికీపీడియాకి కివిక్స్, అందులో తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైల్‌గా దొరుకుతుంది. కొత్త కివిక్స్ ఎక్కకపోతే పాత వెర్షన్ వెతకండి. ఎఫ్ఏటీ32 కార్డు (32 జీబీ కార్డులు వచ్చేది ఈ పద్ధతిలోనే) మీద 4 జీబీ దాటిన ఫైల్ పట్టదని గుర్తుంచుకోండి, కాపీ చివర్లో స్థలం లేదంటే కారణం అదే.

కొత్త ఫోన్‌తో తీసిన వీడియో ఇందులో తడబడుతుంటే అది హెచ్.265 రకం అయి ఉంటుంది. కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264, 720పీకి మార్చండి. హెచ్ఈఐసీ (కొత్త ఫోన్లు వాడే ఫోటో రకం) ఫోటోలు అసలే తెరుచుకోవు, కొత్త ఫోన్ కెమెరాలో జేపెగ్ ఎంచుకోవడమే మార్గం. కొత్త ఎమోజీల చోట డబ్బాలు కనిపిస్తే వదిలేయండి. ఆ బొమ్మలు సిస్టమ్ ఫాంట్‌లో ఉంటాయి, ఆ ఫాంట్ ఇక మారదు.

8. తెలుగు పుస్తకాలు చదివే పరికరంగా మార్చండి

పాత 7 అంగుళాల టాబ్‌కి ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు. కోరీడర్ అనే ఉచిత యాప్ దించుకోండి. ఈపబ్, పీడీఎఫ్, డీజేవీయూ, సీబీజెడ్ అన్నీ తెరుస్తుంది.

ఈపబ్ పుస్తకాలకు మంచి తెలుగు ఫాంట్ కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. చదవడానికి మండలి హాయిగా ఉంటుంది, రామభద్ర శీర్షికలకు బాగుంటుంది. టీటీఎఫ్ ఫైల్‌ని కోరీడర్ ఫోల్డర్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేసి, యాప్‌ని మూసి తెరవండి. జాబితాలో కనిపిస్తుంది.

ఒత్తులు విడిపోయి, ‘క్ష’ అక్షరం కకార పొల్లు, షకారంగా చీలిపోతే ఫాంట్‌ని తిట్టకండి. కింది మెనూలో ఫాంట్ కెర్నింగ్‌ని బెస్ట్‌కి మార్చండి. ఫాస్ట్‌లో ఉంటే అక్షరాలను పక్కపక్కన పేర్చుతుంది తప్ప కలపదు.

పీడీఎఫ్‌ల దగ్గరే అసలు కష్టం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లు పేజీ తిప్పితే నాలుగైదు సెకన్లు నిలబడిపోతాయి. కారణం ఫైల్ సైజు కాదు. చాలా ఫైళ్లలో బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటాయి. దాన్ని విప్పడం పాత చిప్‌కి పెద్ద పని. కంప్యూటర్‌లో పేజీలన్నీ గ్రేస్కేల్ జేపెగ్‌లుగా మార్చి, జిప్ చేసి, చివర సీబీజెడ్ అని పేరు పెట్టండి. పేజీ చప్పున తిరుగుతుంది.

ఎంత నాణ్యత ఉంచాలి? డెమ్మీ సైజు పుస్తకం ఎత్తు దాదాపు 8.5 అంగుళాలు. 1280 x 800 తెర నిలువు 1280 చుక్కలు. భాగిస్తే 150 వస్తుంది. అంటే 150 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దాటి ఉంచినదంతా వృథా బరువే, పెద్దది చేసి చదవాలనుకుంటే తప్ప. ఫైళ్లకు 001, 002 అని సున్నాలతో పేర్లు పెట్టండి, లేకపోతే 1 తర్వాత 10 వచ్చి కథ కలగాపులగం అవుతుంది. అంచులు కత్తిరించే పని కోరీడర్‌కే వదిలేయొచ్చు.

9. కార్డు, వైఫై, కరెంటు

కార్డు కొనగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3తో పరీక్షించండి. 32 అని రాసి 8 జీబీయే ఉండే నకిలీలు ఎక్కువ. నిమిషం లెక్క: సెకనుకు 10 ఎంబీ చొప్పున రాస్తే 32 జీబీకి ముప్పావు గంట పైనే పడుతుంది, తిరిగి చదవడం అదనం. ఆండ్రాయిడ్ 6, 7లలో కార్డు పెట్టగానే ఇంటర్నల్‌గా వాడాలా, పోర్టబుల్‌గా వాడాలా అని అడుగుతుంది. పోర్టబుల్ అనండి. ఇంటర్నల్ అంటే కార్డు ఈ పరికరానికే ముడిపడిపోతుంది, అది చెడితే యాప్‌లూ పోతాయి.

వైఫై కొత్త రౌటర్‌తో కలవకపోతే, రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 (వైఫై తాళం కొత్త పద్ధతి) మాత్రమే పెట్టి ఉంటుంది, లేదా 5 గిగాహెర్ట్జ్ పేరునే వెతుకుతున్నారు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 పెట్టి, చానల్ 1, 6, 11లలో ఒకటి ఇవ్వండి. గెస్ట్ నెట్‌వర్క్ వల్ల ఇంకో లాభం ఉంది. ఈ పరికరానికి ఏదైనా తగులుకున్నా ఇంట్లో మిగతా కంప్యూటర్లకు అంటదు. ఫైళ్ల బదిలీ కోసం విండోస్‌లో ఎస్‌ఎమ్‌బీ1 (భద్రత లేని పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) ఆన్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. కేబుల్‌తోనే కాపీ చేసుకోండి. బ్లూటూత్ వాడనప్పుడు ఆపేసి ఉంచండి. ఫోన్‌లో సిమ్ వేసి ఉంటే మెసేజ్‌ల సెట్టింగ్స్‌లో ఎమ్ఎమ్ఎస్ ఆటో డౌన్‌లోడ్ తీసేయండి.

సిమ్ మాటొచ్చింది కాబట్టి: జియోలో కాల్స్ వోల్టీ (4జీ నెట్ మీద కాల్స్ నడిపే పద్ధతి) మీదే నడుస్తాయి. వోల్టీ లేని పాత 3జీ ఫోన్‌లో ఆ సిమ్‌తో మామూలు కాల్ వెళ్లదు. అది ఫోన్ లోపం కాదు.

గోడకి తగిలించి ఫోటో ఫ్రేమ్‌గానో, నిఘా కెమెరాగానో వాడేవాళ్లు 24 గంటలూ ఛార్జర్‌కి వదిలేస్తారు. బ్యాటరీ ఉబ్బడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. టైమర్ ఉన్న ప్లగ్ కొని పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కరెంటు వచ్చేలా పెట్టండి. ఛార్జ్ 40, 80 శాతాల మధ్య ఊగుతుండేలా సమయం సర్దుకోండి. నెలకోసారి మొదటి మెట్టులోని బొంగరం పరీక్ష చేయండి.

కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిస్తే?

లీనేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా ఔత్సాహికులు తయారుచేసే ఉచిత సిస్టమ్) లాంటివి ఎక్కించొచ్చు, కానీ మీ మోడల్ కోడ్ పేరుకి సరిగ్గా సరిపోయేది ఉంటేనే. దాదాపు అదే మోడల్ అనేది ఇక్కడ చెల్లదు, ఒక్క అక్షరం తేడాతో పరికరం రాయిగా మారిపోతుంది. బూట్‌లోడర్ (వేరే సిస్టమ్ ఎక్కకుండా కాపలా కాసేది) అన్‌లాక్ చేయగానే లోపలున్నదంతా చెరిగిపోతుంది. 1 జీబీ ర్యామ్ ఉన్నదానికి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిస్తే సైట్లు తెరుచుకుంటాయి, మిగతావన్నీ ఇంకా నెమ్మదిస్తాయి. పుస్తకాలు, పాటలకే అయితే ఉన్నదాన్ని కదపకపోవడం మేలని మా అభిప్రాయం.

పని కుదిరిందో లేదో చూసుకోవడం

- పూర్తిగా ఆపి, ఆన్ చేయండి. తేదీ సరిగ్గా ఉండాలి. ఉండకపోతే వైఫై కలిశాక పది నిమిషాలాగి చూడండి.
- లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైట్‌నే బ్రౌజర్‌లో తెరవండి. హెచ్చరిక లేకుండా తెరుచుకుంటే ఆరో మెట్టు కుదిరినట్టే.
- స్టోరేజీలో ఐదో వంతు ఖాళీ ఉందా? వారం తర్వాత మళ్లీ చూడండి. తగ్గితే ఏదో యాప్ వెనక నుంచి అప్‌డేట్ అవుతోంది.
- ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వెలుతురు సగానికి దించి, రెండు గంటలు చదవండి. గంటకు 10 శాతం లోపు తగ్గితే బ్యాటరీ పనికొస్తుంది. 20 దాటితే, లేదా 30 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతే బ్యాటరీ మార్చాలి.
- ఒక రాత్రి వాడకుండా, వైఫై ఆపి వదిలేయండి. తెల్లారేసరికి 5 శాతం కన్నా ఎక్కువ తగ్గితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ జాబితా తెరిచి పైన ఏ యాప్ పేరుందో చూడండి. అది మీరు వాడనిదైతే ఐదో మెట్టుకి తిరిగి వెళ్లి డిసేబుల్ చేయండి.
- ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే మ్యాప్, వికీపీడియా, ఒక పుస్తకం, ఒక పాట తెరవండి. ఏదైనా నెట్ అడిగితే దాని ఫైల్ పూర్తిగా దిగలేదు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి కాదు, వారం ముందే ఈ పరీక్ష చేయండి.